రేవు వెనుక దారి

పెద్ద రహదారి ప్రక్కన నిలిచినపుడు, పొడవైన ఇనుప పెట్టెను మోసికొని పోవు లారీలను మీరు చూచియే యుందురు. ఆ పెట్టె గోడలు ముడుతలు ముడుతలుగా నుండును. దానిపై నాలుగు ఆంగ్లాక్షరములును, ఏడంకెలును వ్రాయబడి యుండును. దీనినే కంటెయినర్ అందురు. దాని పొడవు సాధారణముగా 20 అడుగులో, 40 అడుగులో. వెడల్పు 8 అడుగులు. చూచుటకు ఇందులో వింత యేమియు లేదు. కాని ఈ పెట్టె కొన్ని మహానగరముల రేవులను పాడుపెట్టినది. సముద్రమునకు వందల మైళ్ల దూరమున నున్న ఊళ్లకు రేవు పనిని తెచ్చి పెట్టినది.

పూర్వము సరకులు బస్తాలలోను, పీపాలలోను, చెక్కపెట్టెలలోను ఓడ చేరుచుండెను. రైలు నుండి గిడ్డంగికి, గిడ్డంగి నుండి ఒడ్డునకు, ఒడ్డు నుండి ఓడ గర్భములోనికి వాటిని కళాసీలు మోయవలెను. అవతలి దేశమున మరల ఇంత పనియు జరుగవలెను. అందుచే ఓడలు సముద్రముపై గడపిన దినములతో సమానముగా రేవులలో కాలము వృథాపుచ్చుచుండెను. ఇక తడిసినది తడియగా, పగిలినది పగులగా, దొంగలపాలైనది మరికొంత!

ఈ అవస్థకు ఉపాయమును నావికులు కనుగొనలేదు. అమెరికాలో లారీల వ్యాపారము చేయు మాల్కం మెక్లీన్ కనుగొనెను. బస్తాలను దింపుటకు మారుగా లారీపై నున్న పెట్టెనే ఓడకెక్కించిన నేమి యని అతడు తలచెను. 1956 ఏప్రిల్ 26వ తేదీన ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడ న్యూయార్కు చెంతనున్న న్యూఆర్కు రేవునుండి 58 పెట్టెలతో హ్యూస్టనుకు బయలుదేరెను. విడి సరకును ఎక్కించుటకు ఆనాడు టన్నుకు 5 డాలర్ల 86 సెంట్లు కాగా, ఈ పద్ధతిలో 16 సెంట్లు మించలేదు. అతనికడ పనిచేసిన కీత్ టాంట్లింగర్ అను ఇంజనీరు పెట్టె మూలలకు తగిన బిగింపును కల్పించెను. మూలనున్న రంధ్రములో ఒక మొనను జొప్పించి పావు చుట్టు త్రిప్పినచో పెట్టె కదలక నిలుచును. ఆ బిగింపుపై గల పేటెంటును మెక్లీన్ సంస్థ లోకమునకు ఉచితముగా విడిచిపెట్టెను. అందువలననే నేడు ఏ దేశపు పెట్టెయైనను ఏ దేశపు ఓడపైనను, లారీపైనను, రైలుపైనను అమరుచున్నది.

అయితే ఓడనుండి దిగిన పెట్టె ఒడ్డుననే యుండరాదు గదా! మన దేశమున కంటెయినర్ల గూడ్సు బండికి మామూలుగా 45 బల్లబండ్లుండును. ఒక్కొక్కదానిపై 20 అడుగుల పెట్టెలు రెండు పట్టును. అనగా బండికి 90 పెట్టెలు. ఒక ఓడ 4,500 పెట్టెలను దింపెననుకొనుడు. అన్నియు రైలుమీదనే పోవలెనన్నచో 50 బండ్లు కావలెను! రేవు ఎంత లోతైనదైనను, దాని వెనుక ఖాళీ నేలయు, పట్టాలును, వెడల్పైన బాటలును లేనిచో, పెట్టెలు కొండలవలె పేరుకొని పోవును.

శాన్‌ఫ్రాన్సిస్కో కథ ఇట్టిదే. అది పేరుగన్న రేవు. కాని ద్వీపకల్పము కొనయందున్న నగరము. దాని ఒడ్డున చేతివ్రేళ్లవలె సన్నని వంతెనరేవులు మాత్రమే కలవు. పెట్టెలను పరచుకొనుటకు చోటు లేదు. తూర్పునుండి వచ్చు రైలు మార్గములు అఖాతమునకు ఆవలి ఒడ్డుననున్న ఓక్లండు వరకే వచ్చుచుండెను. ఓక్లండు 1962లోనే కంటెయినర్లకు తావిచ్చెను. క్రమముగా శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకము చాలవరకు అచ్చటికి తరలిపోయెను. ఒకనాడు జట్లు జట్లుగా కళాసీలు చేసిన పనిని క్రేనుపై గాజుగదిలో కూర్చున్న ఒక్కడు చేయసాగెను. ఆ తీరపు కార్మికసంఘము ముందుచూపుతో 1960లోనే యజమానులతో ఒప్పందము చేసికొనెను: యంత్రములు రావచ్చును గాని, పని తగ్గినందువలన కలిగిన లాభములో కొంత కార్మికుల పింఛనులకు చెందవలెను. ఇట్టి యేర్పాటు అన్ని రేవులందును జరుగలేదు.

మన బొంబాయికిని ఇట్టి ఇరుకే పట్టినది. పాత రేవులు నగరము నడుమ చిక్కుకొన్నవి. అందుచే అఖాతమునకు ఆవలి ఒడ్డున నవాషేవా వద్ద క్రొత్త రేవును నిర్మించి 1989లో ప్రారంభించిరి. అదియే జవహర్‌లాల్ నెహ్రూ రేవు. దానికి కొంచెము ముందే, 1988లో, కంటెయినర్లను రైళ్లపై నడుపుటకు కంటెయినర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వ సంస్థ యేర్పడినది.

ఆ సంస్థ డిపో ఒకటి హైదరాబాదులోని సనత్‌నగరులో నున్నది. అచ్చట ఓడ లేదు, అల లేదు. అయినను రేవులో జరుగవలసిన పనిలో పెక్కుపాలు అక్కడనే ముగియును. కనుకనే ఇట్టి డిపోను డ్రై పోర్టు, అనగా నీరులేని రేవు, అందురు. నగర పరిసరములందలి మందుల కర్మాగారము తన సరకును పెట్టెలో నింపి అచ్చటికి పంపెననుకొందము. కస్టమ్సు అధికారులు కాగితములను, అవసరమైనచో సరకును పరిశీలించి తలుపునకు సీలు వేయుదురు. పెట్టె రైలెక్కి నవాషేవా చేరును, ఓడ నెక్కును. సీలు చెక్కుచెదరకున్నచో సాధారణముగా దానిని దారిలో తెరువరు. పరదేశమున కొన్నవాని గిడ్డంగిలో తలుపు తెరచువేళకే మరల వెలుగు చూచును.

పెట్టెలు పెరిగినకొలది పట్టాలును ఇరుకగును. ప్రయాణికుల రైళ్లకు దారి విడుచుచు గూడ్సు బండ్లు గంటల తరబడి నిలువవలసి వచ్చుచుండెను. అందుచే సరకులకే ప్రత్యేకమైన రైలు మార్గములను వేయసాగిరి. పడమటి మార్గములో విద్యుత్తు తీగలను మామూలుకంటె ఎత్తున కట్టిరి. ఏలయన అచ్చట పెట్టెపై పెట్టె నుంచవలెను. 2021 జనవరి 7వ తేదీన హర్యానాలోని న్యూ అటేలీ నుండి రాజస్థానములోని న్యూ కిషన్‌గఢ్ వరకు అట్టి జోడంతస్తుల బండి నడిచినది. దాని పొడవు ఒకటిన్నర కిలోమీటరు!

ఇంకొక చిక్కు కలదు. సరకు దించిన ఊరిలో తిరుగుప్రయాణమునకు సరకు దొరకకపోవచ్చును. అప్పుడు ఖాళీ పెట్టెనే మోసికొని పోవలెను. దానికిని ఇంధనము, కిరాయి, బండిలో చోటు కావలెను. మీరు రహదారిపై చూచిన పెట్టెయు అట్టి ఖాళీపెట్టెయే కావచ్చును.