“నేను నోరు విప్పకుండానే అన్నీ చెప్పేశారు సిస్టర్!”

ఈ మాట మా ఆసుపత్రి కౌన్సెలింగ్ గదిలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సోది చెప్పే ఆమె కావచ్చు, చిలక జోస్యం చెప్పేవారు కావచ్చు, చెయ్యి చూసేవారు, అంజనం వేసేవారు, టీవీలో ఫోన్ చేస్తే భవిష్యత్తు చెప్పేవారు కావచ్చు. ఎవరి దగ్గరకు వెళ్ళి వచ్చినా చాలామంది ఈ ఒక్క మాటే అంటారు.

అలా అనేవారు అబద్ధమాడటం లేదు. వారికి నిజంగానే అలా అనిపిస్తుంది. అలా ఎందుకు అనిపిస్తుందన్నది మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలించిన విషయం. దానిని మనమందరం తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది. ఎందుకంటే ఇది కాలక్షేపం కబురుతో ఆగిపోదు. కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక తల్లి చెప్పిన సంగతి

ఆమె కూతురికి పద్నాలుగేళ్ళు. మూర్ఛ వ్యాధికి మందులు వాడుతోంది. మందులు మొదలుపెట్టాక ఫిట్స్ బాగా తగ్గాయి గాని, పూర్తిగా ఆగలేదు. ఎవరో చెప్తే ఆ తల్లి తన అక్కను తోడు తీసుకుని, పక్క ఊళ్ళో ప్రశ్న చెప్పే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళింది. పిల్లను ఇంటి దగ్గరే ఉంచారు. ఆయన అన్నీ సరిగ్గా చెప్పి, చివరకు ఒక తాయెత్తు కట్టి, నలభై రోజులు ఇంగ్లీషు మందులు ముట్టవద్దన్నారట. పందొమ్మిదో రోజు రాత్రి పిల్లకు ఒకదాని వెంట ఒకటిగా ఫిట్స్ వచ్చాయి. తెలివి రాకుండానే రెండోసారి వచ్చింది. ఆ స్థితిలో క్యాజువాలిటీకి తీసుకొచ్చారు.

పిల్ల కోలుకున్న తర్వాత ఆ తల్లి నాతో అన్న మాటే ఈ వ్యాసానికి శీర్షిక. నేను ఆమెను ఏమీ అనలేదు. “ఆయన ఏమన్నారు, మీరేమన్నారు, గుర్తున్నంతవరకు వరసగా చెప్పండమ్మా” అని ఓ.పి. చీటీ వెనుక రాసుకుంటూ పోయాను. అది ఇలా వచ్చింది.

“మీ ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగుండటం లేదు. నీకన్నా చిన్నవాళ్ళు.”
“మా అమ్మాయండీ.”
“అమ్మాయే. పైభాగంలో కనపడుతోంది. గుండె దగ్గర... కాదు, ఇంకా పైకి...”
“తలేనండీ. ఫిట్స్ వస్తాయి.”
“అవును. మందులు వాడుతున్నారు, పూర్తిగా గుణం కనపడలేదు.”
“నిజమేనండీ.”
“ఈ మధ్య మీ ఇంట్లో ఒక పెద్దప్రాణం పోయింది.”
“మా మామగారండీ. రెండేళ్ళయింది.”
“ఆయనే. పిల్లను వదలడం లేదు.”

రాసినది ఆమెకు చదివి వినిపించాను. “అమ్మాయి అని ఎవరు చెప్పారు? ఫిట్స్ అని ఎవరు చెప్పారు? మామగారని ఎవరు చెప్పారు?” అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “అన్నీ నేనే చెప్పానా సిస్టర్?” అంది.

ఆమె తెలివితక్కువది కాదు. ఇంట్లో లెక్కలన్నీ ఆమే చూసుకుంటుంది. అయితే బిడ్డ గురించిన బెంగతో వెళ్ళిన మనిషికి తాను ఇచ్చిన జవాబులు గుర్తుండవు, ఎదుటివారు చెప్పిన మాటలే గుర్తుంటాయి. ఈ పద్ధతిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు కోల్డ్ రీడింగ్ అంటారు. అంటే ముందుగా ఏ సమాచారమూ లేకుండానే మనిషిని చూస్తూ, మాట్లాడిస్తూ చదవడం అన్నమాట. ఇందులో వాడే ఉపాయాలు ప్రధానంగా ఇవి.

1. అందరికీ సరిపోయే మాటలు

1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. వారం తర్వాత ఒక్కొక్కరికీ “ఇది నీ స్వభావం” అని ఒక కాగితం ఇచ్చి, ఎంతవరకు సరిగ్గా ఉందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 మార్కులు వచ్చాయి. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. అందరికీ ఇచ్చినది ఒకే కాగితం! అందులోని మాటలు చాలావరకు పత్రికలమ్మే దుకాణంలో దొరికే ఒక జ్యోతిషం పుస్తకంలోనివి.

మనవైపు వినిపించే మాటలు చూడండి. “నీ చేత్తో ఎందరికో మేలు చేశావు గాని నీకు పేరు రాలేదు.” “డబ్బు చేతికొస్తుంది గాని నిలవదు.” “పైకి గట్టిగా కనపడతావు, లోపల మెత్తని మనసు.” “అయినవాళ్ళే నిన్ను అర్థం చేసుకోలేదు.” ఈ మాటలు వార్డులో వరసగా ఇరవైమందికి చెప్పి చూడండి. కాదనేవారు ఎందరుంటారు?

2. చూపుతో చదవడం

మనం గుమ్మంలో అడుగుపెట్టగానే సగం సంగతులు మన వేషమే చెప్పేస్తుంది. మెడలో తాళి, కాలికి మెట్టెలు, చేతిలో ఎక్స్‌రే కవరు, చేతులకు కాసిన కాయలు, నిద్రలేని కళ్ళు, తోడు వచ్చినవారు ఎవరన్నది. పైగా ఇలాంటి చోటికి ఎవరూ ఊరికే వెళ్ళరు. అనారోగ్యం, డబ్బు, పెళ్ళి, సంతానం, ఉద్యోగం, కోర్టు తగాదా. ఈ ఆరింటిలో ఏదో ఒకటి ఉంటుంది. “ఇంట్లో ఒకరికి బాగోలేదు” అనడానికి దివ్యదృష్టి అక్కర్లేదు.

3. రెండువైపులా పదునున్న ప్రశ్న

“మీకు అన్నదమ్ములు లేరు కదా?” అని అడిగారనుకోండి. “లేరండీ” అంటే “అదే చెప్పాను” అంటారు. “ఉన్నారండీ, ఇద్దరు” అంటే “ఉండాలి, ఉన్నారు, ఉన్నా లేనట్టే” అంటారు. ఏ జవాబు ఇచ్చినా ఆయన మాటే నిజమైనట్టు ఉంటుంది. అడిగేది ప్రశ్న, మనకు వినపడేది జవాబు.

4. ముఖంలో జవాబు

సుమారు నూరేళ్ళకు పైగా క్రితం జర్మనీలోని బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ లెక్క అడిగితే, గిట్టతో నేలను అన్నిసార్లు తట్టి జవాబు చెప్పేది. 1904లో ఒక నిపుణుల సంఘం పరిశీలించి ఇందులో మోసమేమీ కనపడలేదని చెప్పింది. ఆ తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పరీక్షించగా అసలు విషయం తెలిసింది. అడిగేవారికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు! తట్టడం సరైన అంకెకు చేరగానే అడిగేవారి తల, ముఖం తెలియకుండానే కొద్దిగా కదిలేవి. గుర్రం ఆ కదలికను చూసి ఆగిపోయేది. ఈ రహస్యం తెలిసిన తర్వాత కూడా ఫుంగ్‌స్ట్ తన ముఖంలోని ఆ కదలికను పూర్తిగా దాచుకోలేకపోయాడు.

ఒక గుర్రమే మన ముఖాన్ని అంతగా చదవగలిగితే, ఏళ్ళ తరబడి మనుషులను చూస్తూ బతికిన వ్యక్తి ఎంత చదవగలడో ఆలోచించండి. “గుండె దగ్గర...” అన్నప్పుడు ఆ తల్లి ముఖంలో ఏ మార్పూ లేదు. “ఇంకా పైకి” అనగానే ఆమె కళ్ళు విప్పారి ఉంటాయి.

తిరువల్లలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల బహుమతి ప్రకటించారు. ఆయన పెట్టిన పరీక్షలలో ఒకటి, మూసి సీలు వేసిన కవరులోని నోటు మీది నంబరు చెప్పడం. 1978లో ఆయన చనిపోయేవరకు ఆ బహుమతి ఎవరూ గెలుచుకోలేదు. మూసిన కవరుకు ముఖం ఉండదు కదా!

5. ముందే సేకరించిన సమాచారం

కొందరు ఇంకొక అడుగు ముందుకు వేస్తారు. బయట కూర్చున్నప్పుడు పక్కన చేరి, “మీదే ఊరమ్మా? ఎవరికి బాగోలేదు?” అని ఆప్యాయంగా అడిగే మనిషి లోపలివారి మనిషే కావచ్చు.

ఇది ప్రార్థన పేరుతో కూడా జరిగింది. అమెరికాలో పీటర్ పోపాఫ్ అనే స్వస్థత బోధకుడు సభలో వేలమంది మధ్య ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, వారి రోగం, ఇంటి చిరునామా కూడా చెప్పేవాడు. 1986లో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడి బృందం రేడియో యంత్రంతో పరిశీలిస్తే, పోపాఫ్ చెవిలో చిన్న రిసీవరు ఉన్నట్టు, అతని భార్య ప్రార్థన కార్డులు చూసి వివరాలు చదివి వినిపిస్తున్నట్టు బయటపడింది. ఆ కార్డులు రాసిచ్చినది సభకు వచ్చిన రోగులే. ఆ రికార్డింగును రాండీ టీవీలో వినిపించాడు. మరుసటి సంవత్సరం పోపాఫ్ దివాలా ప్రకటించాడు. కాబట్టి తెలియని సభలో మన పేరు, రోగం చెప్పినంత మాత్రాన మందులు మానేయకూడదు. నిజంగా మన కోసం ప్రార్థించేవారు మాత్రలు ఆపమని చెప్పరు.

చెప్పేవారందరూ మోసగాళ్ళా?

కాదు. తాము చెప్పేది నిజమని మనసారా నమ్మేవారు ఎందరో ఉన్నారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రే హైమన్ తన కుర్రతనంలో చెయ్యి చూసి చెప్పేవాడు. వచ్చినవారంతా సరిగ్గా చెప్పావని మెచ్చుకోవడంతో ఆయనకే ఆ రేఖల మీద నమ్మకం కుదిరింది. అప్పుడు స్టాన్లీ జాక్స్ అనే ప్రదర్శకుడు ఒక సలహా ఇచ్చాడు. రేఖలు ఏమి చెప్తున్నాయో దానికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్పి చూడమన్నాడు. హైమన్ అలాగే చేశాడు. అప్పుడూ జనం అంతే మెచ్చుకున్నారు! అర్థం వెతికి తమ జీవితానికి అతికించుకుంటున్నది వినేవారేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

అందుచేత గంప, గవ్వలతో ఊరూరా తిరిగి పొట్ట పోసుకునే సోదమ్మను తిట్టిపోయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పండుగనాడు సరదాగా విని పది రూపాయలిస్తే నష్టమేమీ లేదు. వైద్యం జోలికి వచ్చినప్పుడే ప్రమాదం.

మరి డాక్టరు గారు కూడా చూసి చెప్తారు కదా?

మంచి ప్రశ్నే. డాక్టరు గారు కూడా కంటి రెప్ప కిందికి లాగి చూసి “రక్తం తక్కువగా ఉంది” అంటారు. తేడా ఏమిటంటే, ఆ మాటను రక్తపరీక్షతో సరిచూస్తారు. తప్పయితే మార్చుకుంటారు. రాసిన చీటీ మన చేతికిస్తారు, ఇంకొక డాక్టరుకు చూపించుకోవచ్చు.

మా వైపు లోపం కూడా ఒప్పుకోవాలి. ప్రశ్న చెప్పే ఆయన ఆ తల్లితో ముప్పావుగంట కూర్చున్నారు. మా ఓ.పి.లో ఆమెకు దొరికింది రెండు మూడు నిమిషాలు. మూర్ఛ మందులు కొన్నేళ్ళు వాడవలసి రావచ్చని, మధ్యలో ఒకటి రెండుసార్లు ఫిట్స్ వస్తే మందు పని చేయనట్టు కాదని, మోతాదు సరిచూడాలని ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు. వినేవారు లేని చోట నుండి వినేవారున్న చోటికి మనుషులు వెళ్తారు. కనుక సందేహం ఉంటే డాక్టరు గారిని మళ్ళీ అడగండి. మొహమాటపడవద్దు. నర్సులను అడగండి, కౌన్సెలింగ్ గదికి రండి.

గుర్తుంచుకోవలసినవి

* మూర్ఛ, క్షయ, మధుమేహం, రక్తపోటు, మానసిక వ్యాధుల మందులు ఎవరు చెప్పినా డాక్టరును అడగకుండా ఆపకండి. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. క్షయ మందులు మధ్యలో మానేస్తే రోగం మందులకు లొంగకుండా తయారవుతుంది.

* ఫిట్స్ వచ్చినప్పుడు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బట్టలు వదులు చేయండి. చేతిలో తాళాలు, ఇనుము పెట్టవద్దు. నోట్లో ఏమీ పెట్టవద్దు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

* ఎవరైనా మీ గురించి అంతా చెప్పారనిపిస్తే, ఇంటికి వచ్చి ఆయన మాటలు ఒకవైపు, మీ మాటలు ఒకవైపు రాసి చూడండి. తప్పు చెప్పిన వాటిని కూడా రాయండి. మనం వాటినే ముందు మరచిపోతాం.

* “ఎవరికీ చెప్పవద్దు”, “ఆలస్యమైతే ప్రాణగండం”, “ఇంకొక పూజకు ఇంత” అన్న మాటలు వినపడితే లేచి వచ్చేయండి.

* తాయెత్తులు, మంత్రాలతో మూర్ఛ, మధుమేహం, క్యాన్సర్ వంటి రోగాలు నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం.

* మనసులో బెంగ, భయం భరించలేనట్టుగా ఉంటే ప్రభుత్వ టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు మళ్ళీ మందులు వాడుతోంది, బడికి వెళ్తోంది. మందుల కోసం వచ్చినప్పుడల్లా ఆ తల్లి ఒక చిన్న నోటుపుస్తకం తెస్తుంది. ఫిట్స్ వచ్చిన తేదీ, వేళ, ఎంతసేపు ఉన్నదీ అందులో రాసి డాక్టరు గారికి చూపిస్తుంది. మొన్న వచ్చినప్పుడు ఆ తాయెత్తు సంగతి అడిగాను. “ఉంది సిస్టర్, పిల్ల చేతికే ఉంది. మా అత్తగారు తీయనివ్వలేదు. మాత్రలు మాత్రం నా చేత్తోనే వేస్తున్నాను” అంది. తాయెత్తు చేతికి ఉన్నా మాత్ర కడుపులోకి వెళ్తోంది కదా, ప్రస్తుతానికి అది చాలు అన్నాను.