మొదటి కీబోర్డు కొనేముందు

కంప్యూటరుకు తగిలించే సింథసైజరు కీబోర్డు కావాలని అమ్మాయి పేచీ పెడుతోందా? దుకాణంలో మొట్టమొదట చెప్పేది అందులో ఎన్ని వందల వాద్యాలు పలుకుతాయో! దానికి మురిసిపోకండి. అవన్నీ కంప్యూటరులోనూ దొరుకుతాయి. 1983లో వచ్చిన ‘మిడి’ పద్ధతిలో తీగవెంట వెళ్ళేది నాదం కాదు. ఏ మెట్టు, ఎంత జోరుగా నొక్కారన్న కబురు మాత్రమే. ఆ జోరును 127 దాకా అంకెల్లో కొలుస్తుంది. వేలి జోరు పసిగట్టలేని కీబోర్డయితే ఎలా నొక్కినా ఒకే అంకె. పాట చప్పగా ఉంటుంది.

మన సంగీతానికి ఇంకో చిక్కుంది. గమకం పలకదనే కదా, 1940లో రేడియోవారు హార్మోనియాన్ని వెలివేసి, 1971 దాకా గడప తొక్కనివ్వలేదు! కనుక స్వరాన్ని వంచే ‘పిచ్ బెండ్’ చక్రం ఎడమపక్కన ఉందో లేదో చూడండి. రెండు మెట్ల నడుమ స్వరాన్ని ఊపేది అదే. చవకరకాలు కొన్నిటికి అది ఉండదు.

రెండు చేతులూ ఆడడానికి 49 మెట్లో, 61 మెట్లో ఉంటే మేలు. 25 మెట్లది ప్రయాణాలకు సరి. సొంత గొంతులేని రకం, కంప్యూటరు లేకపోతే మూగదే సుమండీ! అమ్మాయి వసారాలో ఒంటరిగా కూర్చుని సాధకం చేసేదయితే, స్పీకరున్నదే తీసుకోండి.