సౌందర్య శస్త్రచికిత్సకు వైద్యుని ఎంపిక

ముక్కు, కనురెప్పలు, పొట్ట వంటి శరీర భాగాల ఆకృతిని మార్చుటకు చేసే శస్త్రచికిత్సను సౌందర్య శస్త్రచికిత్స లేదా కాస్మెటిక్ సర్జరీ అంటారు. ఇది ప్లాస్టిక్ సర్జరీలో ఒక విభాగము. సాధారణంగా ఇది అత్యవసర చికిత్స కాదు. కనుక వైద్యుని అర్హతలను ముందుగా విచారించుటకు తగిన వ్యవధి ఉంటుంది.

అర్హతలు

భారతదేశంలో ప్లాస్టిక్ సర్జన్ కాగోరేవారు ఎం.బి.బి.ఎస్. తరువాత సాధారణంగా జనరల్ సర్జరీలో 3 సంవత్సరాల ఎం.ఎస్., ఆపై ప్లాస్టిక్ సర్జరీలో 3 సంవత్సరాల ఎం.సీహెచ్. పూర్తి చేస్తారు. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పట్టా కూడా గుర్తింపు పొందినదే. "కాస్మెటిక్ సర్జన్" అనునది వాడుకలోని పేరే గాని ఈ పట్టాలకు సమానము కాదు. కార్యశాలలలోనో, యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది ఇటువంటి చికిత్సలు ప్రారంభించుటకు చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది.

పరిశీలించవలసిన అంశాలు

* నమోదు: వైద్యుని పేరు, ఎం.బి.బి.ఎస్.తో పాటు ప్రత్యేక పట్టా కూడా రాష్ట్ర వైద్య మండలిలో నమోదై ఉన్నవా?
* అనుభవము: కోరిన శస్త్రచికిత్సను ఆ వైద్యుడు తరచుగా చేస్తున్నాడా?
* వసతులు: మత్తు వైద్య నిపుణుడు, అత్యవసర చికిత్సా సౌకర్యం ఉన్నవా? కొవ్వు తొలగించే లైపోసక్షన్‌లో సైతం రక్తస్రావం, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు సంభవించవచ్చు.
* సమాచారము: మచ్చలు, దుష్ఫలితాలు, మరల శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం, మొత్తం ఖర్చు ముందే వివరించారా?

ప్రకటనలలోని ఫొటోలు, రాయితీలు నైపుణ్యానికి ప్రమాణాలు కావు. అవసరం లేనిచోట శస్త్రచికిత్స వద్దని చెప్పగలగడం మంచి వైద్యుని లక్షణము.