ఎంతవరకు చేయవలెను? – కంప్యూటరుకు ఆవృత్తి నేర్పుట

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, దాని కావల ఎల్.బి. నగర్ ఉన్నవి. జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు అచ్చటి హాస్టళ్ళలో నివసించుచు, పోటీ పరీక్షలకును కంప్యూటరు కోర్సులకును శిక్షణ పొందుచుందురు. మా మేనల్లుడును అట్టివారిలో ఒకడు. బి.కాం. పూర్తిచేసి, తండ్రి అప్పుచేసి కట్టిన ఫీజుతో పైథాన్ అను ప్రోగ్రామింగు భాష నేర్చుకొనుచున్నాడు. ఒక ఆదివారము భోజనమునకు వచ్చి, “మామయ్యా, ఈ చదువు నాకు రాదు. ఊరికి పోతాను” అన్నాడు. కారణ మడుగగా, “వైల్ లూప్” అన్నాడు.

నేను కంప్యూటరు శాస్త్రము చదివినవాడను కాను. అయినను ఆ సాయంత్రము మే మిరువురము కూర్చుండి గ్రహించిన విషయమును శ్రోతలకు మనవి చేయుచున్నాను.

ఒకే పనిని మరల మరల చేయించుటయే లూప్, అనగా ఆవృత్తి. ఇది రెండు విధములు. చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణములు చేయువారికి లెక్క ముందే తెలియును. ఇడ్లీకి పప్పు రుబ్బు ఇల్లాలికి ఎన్ని తిప్పులో ముందుగా తెలియదు. పిండిని వ్రేళ్ళతో తాకి చూచి, మెత్తబడనిచో ఇంకను త్రిప్పును. మొదటిదానికి ‘ఫర్’ అను మాటయు, రెండవదానికి ‘వైల్’ అను మాటయు ప్రోగ్రాములలో వాడుదురు.

మెట్రో రైలును చూడుడు. అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు గల మార్గము 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. “ఉన్న స్టేషను ఎల్.బి. నగర్ కానంతవరకు తరువాతి స్టేషనుకు పొమ్ము” అని ఆజ్ఞ యనుకొందము. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కినవానికి ఆ పని మూడుమార్లు జరుగును: చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్. మలక్‌పేటలో ఎక్కినవానికి ఆరుమార్లు. ఎల్.బి. నగర్‌లోనే నిలుచున్నవానికి ఒక్కమారైనను జరుగదు. ఏలనన, వైల్ ముందు ప్రశ్న అడిగి, పిమ్మటనే పని చేయును. లెక్క మారినను ఆజ్ఞ యొక్కటియే. దాని ప్రయోజన మదియే.

ఇక మావాని చిక్కు. 10,000 రూపాయలను నూటికి ఏటా 8 చొప్పున చక్రవడ్డీకి వేసినచో, సొమ్ము 20,000 కావుటకు ఎన్ని ఏండ్లు పట్టును? ఇది వానికిచ్చిన లెక్క.

తెలుగులో మనము “ఇరవై వేలు అయ్యేవరకు” అందుము. వాడును అట్లే తలచి, “సొమ్ము 20,000 అయినచో” అను షరతు వ్రాసినాడు. సొమ్ము అప్పటికి పదివేలే గనుక షరతు మొదటనే అబద్ధమైనది. యంత్రము ఏ పనియు చేయక ముగించినది. వైల్ అడుగునది “ఎప్పుడు ఆగవలెను” అని కాదు, “ఎంతవరకు సాగవలెను” అని. కనుక “సొమ్ము 20,000 కంటె తక్కువగా ఉన్నంతవరకు” అని వ్రాయవలెను.

అట్లు సవరించినాడు. ఈసారి యంత్రము ఆగనే లేదు. ఏండ్ల లెక్కను ఒకటి చొప్పున పెంచినాడే గాని, సొమ్మునకు వడ్డీ కలుపు వాక్యమును మరచినాడు. పదివేలు పదివేలుగనే ఉండగా షరతు ఎన్నటికి అబద్ధమగును? దీనినే అనంత ఆవృత్తి యందురు. కంట్రోల్ మీటను, సి మీటను కలిపి నొక్కిన సామాన్యముగా ఆగిపోవును. దానివలన యంత్రము పాడైపోదు. వాడు భయపడిన దంతయు వృథా.

వడ్డీ వాక్యము చేర్చిన పిమ్మట జవాబు వచ్చినది: 10 ఏండ్లు. “72ను 8తో భాగిస్తే 9 కదా!” అన్నాడు. ఏటేటి మొత్తమును కాగితముపై వ్రాసి చూచితిమి. తొమ్మిదవ ఏటి చివర సొమ్ము 19,990 రూపాయల 5 పైసలు. తొమ్మిది రూపాయల తొంబదియైదు పైసలు తక్కువైనది. మనుష్యుడైన “అయిపోయినదిలే” అనును, యంత్రము అనదు. పదవ ఏట 21,589 దాటినది. “20,000తో సమానము కానంతవరకు” అని వ్రాసియుండినచో, సొమ్ము ఆ అంకెను దాటిపోవునే గాని దానిపై నిలువదు. ఆవృత్తి మరల అనంతమగును.

1966లో కొరాడో బోమ్, జ్యుసెప్పె జాకోపిని అను ఇటలీ పండితులు, వరుసగా చేయుట, షరతునుబట్టి ఎన్నుకొనుట, షరతు నిలిచినంతవరకు మరల చేయుట అను మూడింటితోనే ఏ గణన విధానమునైనను వ్రాయవచ్చునని చూపిరి. ఆ మూడింటిలో మూడవది మావాని చేతికి ఆ సాయంత్రము చిక్కినది.

నేర్చుకొనువారు ప్రతి ఆవృత్తికి ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఆరంభమున విలువ యెంత? షరతు ఎప్పుడు అబద్ధమగును? ఆ దిశగా లోపలి పని ఒక్క అడుగైనను వేయుచున్నదా? జవాబు తోచనిచో, కాగితముపై మూడు చుట్లు వ్రాసి చూచిన చాలును.

రాత్రి మావాడు హాస్టలుకు బయలుదేరినాడు. “ఊరికెప్పుడు?” అని అడిగితిని. “నేర్చుకోవలసింది ఉన్నంతవరకు ఇక్కడే, మామయ్యా” అన్నాడు. షరతు సరిగనే వ్రాసినాడు.