తప్పు రెసిపీది కాదు, నీళ్లది

లండన్‌లో ఉండే మా అన్నయ్య ఇంట్లోనే బీర్ కాచాడు. అక్కడ సొంతానికి చేసుకోవచ్చు. లేత రంగు బీర్ రెండుసార్లూ నోరంతా వగరు. అదే కుళాయి నీళ్లతో నల్లటి స్టౌట్ చేస్తే మాత్రం భలే కుదిరిందట. ఎందుకలా?

లండన్ నీళ్లు కఠిన జలం. కాల్షియంతో పాటు బైకార్బనేట్ కూడా ఎక్కువే. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. దాన్ని వేడినీళ్లలో నానబెట్టినప్పుడు పీహెచ్ సుమారు 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. బైకార్బనేట్ దాన్ని పెంచేస్తుంది. అప్పుడు పొట్టులోని టానిన్లు నీళ్లలోకి దిగుతాయి. వగరు వాటిదే. నల్లగా వేయించిన మాల్ట్‌కి ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి పీహెచ్‌ని మళ్లీ కిందికి దించుతుంది. అందుకే స్టౌట్ బతికిపోయింది.

అలాగని కఠినత్వమే విలన్ కాదు. ఇంగ్లండ్‌లోనే బర్టన్ అపాన్ ట్రెంట్ నీళ్లు చాలా కఠినం, కానీ ఆ ఊరు లేత రంగు ఏల్‌కే ఫేమస్. అక్కడి నీళ్లలో జిప్సం ఉంటుంది. అందులోని సల్ఫేట్ హాప్స్ చేదుని చక్కగా పైకి తెస్తుంది. చెక్ దేశంలోని పిల్సెన్‌లో అంతా రివర్స్. నీళ్లు బాగా మృదువు. 1842లో బంగారు రంగు పిల్స్‌నర్ పుట్టింది అక్కడే.

మరి అన్నయ్య ఏం చేయాలి? నీళ్లు మరిగించి, చల్లార్చి, పైన తేరిన నీళ్లే వాడాలి. బైకార్బనేట్‌లో చాలా భాగం సున్నంలా అడుగున దిగిపోతుంది. మన హాస్టల్ కెటిల్‌లో పేరుకునే తెల్లపొర అదే! ఆర్‌వో నీళ్లయితే కాల్షియం దాదాపు ఉండదు, కొంచెం జిప్సం కలపాలి.

టీడీఎస్ మీటర్ ఒక్క నంబరే చూపిస్తుంది. నీళ్లలో ఎంత కరిగిందో కాదు, ఏం కరిగిందో తెలిస్తేనే బగ్ దొరుకుతుంది.