కట్టకోసారి... తలెత్తండి!

తునికాకు కత్తిరించాలి. తంబాకు నింపాలి. చుట్టాలి. దారం కట్టాలి. మూతి మడవాలి. ఇన్ని పనులూ చేసేది వేళ్లే. నొప్పి మాత్రం మెడకి!

కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో బీడీలు చేసే ఇళ్లకు వెళితే 'మెడలు గుంజుతున్నయ్' అన్న మాట తరచూ వినపడుతుంది. పొద్దున్నే వంటపని ముగించి, గోడవారగా చాప పరిచి, చాట ఒళ్లో పెట్టుకుంటే దించిన తల ఎత్తేది ఏ మధ్యాహ్నానికో. కూలి వెయ్యి బీడీలకింత అని లెక్క. చేయి ఆగితే కూలీ ఆగుతుంది. అందుకే మెడ నొప్పెట్టినా పని ఆపరు. రాత్రి ఇంత బామ్ రాసుకుని పడుకుంటారు. తెల్లారితే మళ్లీ చాటే!

అసలు మెడకి ఏమవుతుంది?

మన తల బరువు దాదాపు అయిదు కిలోలు. నిటారుగా కూర్చుంటే ఆ బరువు మెడలోని ఏడు పూసల మీదుగా తిన్నగా కిందికి దిగుతుంది. తల వంచితే మాత్రం అది ముందుకు పడిపోకుండా మెడ వెనక కండరాలే పట్టి ఉంచాలి. నీళ్లచెంబును ఒంటికి దగ్గరగా పట్టుకుంటే బరువే తెలీదు. చేయి చాపి పట్టుకుంటే కాసేపటికే రెక్క లాగేస్తుంది కదా... ఇదీ అంతే. 60 డిగ్రీలు వంచిన మెడ మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని కెన్నెత్ హన్స్‌రాజ్ అనే న్యూయార్క్ వెన్నెముక సర్జన్ 2014లో లెక్కగట్టారు. మనుషుల్లో కొలిచింది కాదు, కంప్యూటర్ నమూనాతో వేసిన అంచనా అది. అదీ సెల్‌ఫోన్ చూసేవాళ్ల కోసం! బీడీలు చేసే అమ్మ, పక్కనే ఫోన్ పట్టుకుని కూర్చున్న కొడుకు... ఇద్దరి మెడలూ ఒకే తీరుగా వంగుతాయి. అతడికి ఫోన్ పక్కన పెట్టేసే వీలుంది. ఆమెకు చాట పక్కన పెట్టే వీల్లేదు.

నొప్పి ముదిరాక సూది మందు, నొప్పి గోలీలు మొదలవుతాయి. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాటిని మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. ఆ తర్వాత ఎక్స్‌రే. 'ఎముక అరిగింది' అన్న మాట వినగానే ఇక జీవితం అయిపోయిందనుకునేవాళ్లు ఎందరో. నిజానికి యాభై దాటిన చాలామందికి, ఏ నొప్పీ లేనివాళ్లకు కూడా, ఎక్స్‌రే తీస్తే మెడపూసల్లో అరుగుదల కనపడుతుంది. జుట్టు నెరవడంలాంటిదే అది. అరిగినంత మాత్రాన నొప్పి తగ్గదని కాదు.

ఇక మిగిలిన దారి ఫిజియోథెరపీ. 2016లో జిల్లా కేంద్రమైన కామారెడ్డికి ఇందుకోసం రావాలంటే ఎల్లారెడ్డి వైపు పల్లెలవాళ్లు పొద్దున్నే బస్సెక్కాలి. 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు లేదు, నిజమే. కానీ పోయిన రోజు బీడీలు ఎవరిస్తారు? పది రోజులు రమ్మంటే మూడోరోజుకే మానేయడానికి కారణం బద్ధకం కాదు, ఈ లెక్కే!

ఇక్కడే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. కరెంటు యంత్రాలు, అల్ట్రాసౌండ్, మెడను లాగి ఉంచే ట్రాక్షన్... ఇవి కొందరికి కొంత ఉపశమనాన్నిస్తాయి. ఎక్కువకాలం నిలిచే ఫలితం మాత్రం వ్యాయామంతోనే. ఫిన్లాండ్‌లో దీర్ఘకాలంగా మెడనొప్పి ఉన్న 180 మంది మహిళా ఆఫీసు ఉద్యోగుల మీద చేసిన పరిశోధన 2003లో వెలువడింది. మొదట కొద్దిరోజులు నేర్పించి, తర్వాత ఇంట్లోనే చేసుకోమన్నారు. మెడ, భుజాలకు బలం పెంచే వ్యాయామాలు ఏడాదిపాటు చేసినవారిలో 73 శాతం మందికి నొప్పి బాగా లేదా పూర్తిగా తగ్గింది. ఒళ్లు సాగదీసే కసరత్తులు, ఏరోబిక్స్ మాత్రమే చెప్పినవారిలో ఆ మేలు 21 శాతానికే. అంటే క్లినిక్‌కి వెళ్లాల్సింది రోజూ కాదు... నేర్చుకోవడానికి, మధ్యమధ్యలో చూపించుకోవడానికి.

మామూలుగా నేర్పించేవి ఇవి. గోడకు వీపు ఆనించి, చూపు ఎదురుగా నిలిపి, ఎవరో వేలితో నెట్టినట్టుగా గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగాలి. తల పైకీ కిందికీ పోకూడదు. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు. తర్వాత, అరచేతిని నుదుటికి ఆనించి తలతో నెట్టాలి... చేయి ఒప్పుకోకూడదు, మెడ కదలకూడదు. అలాగే తల వెనక, రెండు పక్కలా. మూడోది బీడీలు చేసేవారికి మరీ ముఖ్యం. భుజాలు వెనక్కి తిప్పి, వీపు మీది రెండు రెక్క ఎముకల్నీ దగ్గరికి తేవాలి. గంటలకొద్దీ ముందుకు ముడుచుకున్న ఛాతీ అప్పుడు విచ్చుకుంటుంది. చేస్తున్నప్పుడు కాస్త లాగినట్టుంటే ఫరవాలేదు, నొప్పి చేతిలోకి పాకితే ఆపేయాలి.

టైమెక్కడిది అంటారా? బీడీ కట్టకు 25. వెయ్యి బీడీలంటే 40 కట్టలు. ఒక కట్ట కట్టగానే ఒక్కసారి తలెత్తి, గడ్డం వెనక్కి లాగి, భుజాలు తిప్పితే పట్టే సమయం పది సెకన్లు. రోజంతటికీ కలిపినా ఏడు నిమిషాలు దాటదు.

కూర్చునే తీరులోనూ చిన్న మార్పులు చేసుకోవచ్చు. ఒళ్లో మడత పెట్టిన బొంత వేసి దానిమీద చాట పెట్టుకుంటే పని నాలుగు వేళ్లు పైకొస్తుంది, మెడ ఆమేరకు తక్కువ వంగుతుంది. వీపుకి గోడ ఆసరా ఉండాలి. వెలుతురు చాలకపోతే తల ఇంకా దగ్గరికి వంగుతుంది కాబట్టి దీపం కిందే కూర్చోవాలి. రాత్రి మెత్త మరీ ఎత్తుగా వద్దు. మెడపట్టీని రోజుల తరబడి వాడితే కండరాలు నీరసిస్తాయి. వేడి కాపడం మాత్రం పావుగంట పెట్టుకోవచ్చు.

ఒక్కటి మాత్రం వద్దు. క్షవరం అయ్యాక 'టప్'మని మెడ విరిపించుకునే అలవాటు మగవాళ్లలో ఇంకా ఉంది. హాయిగానే ఉంటుంది! కానీ మెదడుకి వెళ్లే రక్తనాళం ఆ మెలికకు చిరిగిన సందర్భాలు, పక్షవాతానికి దారితీసినవి, వైద్యశాస్త్రంలో నమోదయ్యాయి.

చేయి తిమ్మిరెక్కుతున్నా, పట్టు తప్పి కత్తెర జారిపోతున్నా, నడక తడబడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా వ్యాయామాలతో కాలయాపన చేయొద్దు. కింద పడ్డాక మొదలైన నొప్పి, జ్వరంతో కూడిన మెడనొప్పి కూడా అంతే. ముందు డాక్టర్ దగ్గరికే.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి మొదటిసారి వెళుతున్నప్పుడు ఎక్స్‌రేతోపాటు చాట, కత్తెర కూడా సంచిలో పెట్టుకెళ్లండి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే, రోజూ నేలమీద ఎలా కూర్చుంటారో నోటితో చెప్పడం కష్టం. అక్కడే కింద కూర్చుని నాలుగు బీడీలు చుట్టి చూపిస్తే సరి!