పిల్లలతో పెన్న ఒడ్డుకు వెళ్తున్నారా?

ఆత్మకూరు, ఉదయగిరి వైపు వారికి సెలవు రోజున పిల్లలతో వెళ్లడానికి సంగం మంచి చోటు. సంగమేశ్వరుడి దర్శనం, 2022లో ప్రారంభమైన బ్యారేజీ, పక్కనే పెన్న. పెద్దగా ఖర్చుండదు. జాగ్రత్త మాత్రం ఉండాలి.

నది పైకి నెమ్మదిగా కనిపించినా అడుగున ఇసుక తీసిన గుంతలు ఉండొచ్చు. మోకాటి లోతులో ఆడుకునే పిల్లాడు ఒక్క అడుగుతో మునిగిపోవచ్చు. మునిగే పిల్లలు సాధారణంగా కేకలు వేయలేరు. ఊపిరి తీసుకోవడానికే తంటాలు పడుతుంటారు. అందుకే పెద్దవారిలో ఒకరు సెల్‌ఫోన్ పక్కన పెట్టి, చెయ్యి అందే దూరంలో ఉండాలి. బ్యారేజీ గేట్ల దిగువన అసలు దిగనివ్వొద్దు. నీళ్లు వదిలితే ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది.

ఎవరైనా మునిగితే ఈత రానివారు దూకొద్దు. చీర, తాడు, కర్ర ఏది ఉంటే అది అందించండి. బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం చేయొద్దు. విలువైన నిమిషాలు పోతాయి. వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. ఊపిరి లేకపోతే తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో ఐదుసార్లు ఊదండి. అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, రెండుసార్లు ఊదండి. 108కి ఫోన్ చేయించి, అంబులెన్స్ వచ్చేదాకా ఇలాగే కొనసాగించండి.

బిడ్డ తేరుకున్నా ఇంటికి కాదు, ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఊపిరి ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా మొదలవచ్చు.

ఇక ఎండ సంగతి. పొద్దున పదిలోపు, లేదంటే సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. టోపీ, కాచి చల్లార్చిన నీళ్లు, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సంచిలో మరవకండి.